పొరుగాయన అతికిన స్టీరింగ్ ఆర్మ్

డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఊరి నుంచి ఒక పాఠకుడు, పేరు వేయవద్దంటూ, నాలుగు పేజీల ఉత్తరం, పదకొండు ఫొటోలు పంపారు. వయసు 46, ఉద్యోగం సాఫ్ట్‌వేర్. మూడేళ్ల కిందట 1930 నాటి ఫోర్డ్ మోడల్ ఎ కూపే బాడీ, ఫ్రేమ్ కొని ఇంటి గరాజ్‌లో హాట్ రాడ్ కడుతున్నారు. పాత ఫోర్డ్‌ను తేలిక చేసి, ముందు భాగం కిందికి దించి, పెద్ద వి-8 ఇంజను పెట్టి తోలే అమెరికా సరదా అది. పని నేర్పింది పక్కింటి పెద్దాయన. ఆయనకు 73 ఏళ్లు, ఒకప్పుడు ట్రైలర్లు కట్టే షాపులో వెల్డరు.

బండి వివరం ఇది. ఫ్రేమ్‌కు రెండు పక్కలా ఉండే పొడవాటి ఇనుప దూలాలను (రైళ్లు) పెట్టెలా మూసి బాక్స్ చేశారు. ముందు రెండు చక్రాలనూ కలిపే ఒకే ముక్క ఐ-బీమ్ యాక్సిల్, 4 అంగుళాల డ్రాప్‌తో (బండి కిందికి దిగేలా వంచినది), దాని మీద అడ్డంగా ఒకే స్ప్రింగ్, రెండు పక్కలా యాక్సిల్‌ను ముందుకూ వెనక్కూ జరగకుండా పట్టే హెయిర్‌పిన్ రాడ్లు. ఇంజను షెవ్రోలే 350. ఎడమ రైలు మీద షెవ్రోలే వేగా కారు రకం స్టీరింగ్ బాక్స్, నిష్పత్తి 20:1 (స్టీరింగ్ 20 డిగ్రీలు తిరిగితే బాక్స్ బయటి షాఫ్ట్ ఒక డిగ్రీ తిరుగుతుంది), ఆ షాఫ్ట్‌కు పిట్‌మన్ ఆర్మ్ అనే లివరు. అక్కడి నుంచి 38 అంగుళాల డ్రాగ్ లింక్ అనే కడ్డీ అడ్డంగా వెళ్లి కుడి చక్రం స్పిండిల్ (చక్రాన్ని మోసే ఇరుసు ముక్క) ఆర్మ్‌ను తిప్పుతుంది. రెండు చక్రాల ఆర్మ్‌లనూ కలిపే టై రాడ్ హెయిర్‌పిన్‌కు తగులుతోందని పెద్దాయన రెండు ఆర్మ్‌లనూ కోసి, రెండున్నర అంగుళాలు కిందికి దించి అతికారు. డ్రాగ్ లింక్ చివరల మర ఉన్న ముక్కలు కూడా ఆయన వెల్డింగే. అన్నీ నున్నగా గ్రైండ్ చేసి నల్ల రంగు వేశారు.

ఇప్పుడు 35 మైళ్ల వేగం దాటితే, చిన్న గతుకు తగిలినా స్టీరింగ్ చేతిలో గుంజుతోంది. తిప్పితే ఒక క్షణం ఏమీ జరగదు, తర్వాత ఒక్కసారిగా తిరుగుతుంది. ఒక రౌండులో రెండుచోట్ల పట్టేసినట్టు ఉంటుంది. నేరుగా పోయేటప్పుడు ప్లే (వదులు) ఎక్కువ, మలుపులో మాత్రం బిగువుగానే ఉంది. అలైన్‌మెంట్ షాపు అతను కింద పడుకుని చూసి, కారణం చెప్పకుండానే ఈ బండి తాను ముట్టుకోనన్నాడట. పెద్దాయన మాత్రం స్టీరింగ్ డ్యాంపర్ (వణుకును తగ్గించే చిన్న షాక్ అబ్జార్బర్ లాంటిది) ఒకటి పెడితే సరిపోతుందనీ, నలభై ఏళ్లుగా ఇలాగే చేస్తున్నాననీ అంటున్నారు. ఆయన భార్య పోయి రెండేళ్లయింది, సాయంత్రం ఈ గరాజే ఆయనకు కాలక్షేపం. పాఠకుడి భార్యేమో తమ పదహారేళ్ల కొడుకు, కొత్తగా లైసెన్సు వచ్చినా సరే, ఆ బండెక్కడానికి వీల్లేదని తేల్చేశారు. “ఆయన మనసు నొప్పించకుండా, ఇంట్లో గొడవ లేకుండా, బండి రోడ్డెక్కే దారి ఉందా? డ్యాంపర్‌తో పోతుందా?” అన్నది ప్రశ్న.

సమాధానం

మీ ఉత్తరంలో రెండు వేర్వేరు జబ్బులు ఒకే పేరుతో ఉన్నాయి. మిమ్మల్ని భయపెడుతున్నది గుంజుడు. అది జామెట్రీ లోపం. ఒక బార్, రెండు బ్రాకెట్లతో పోతుంది, దానికి ఎవరి చేతిపనినీ తప్పు పట్టనక్కర్లేదు. నిజంగా ప్రాణం మీదికి తెచ్చేది కోసి అతికిన ఆ ఆర్మ్. అది ఇప్పటిదాకా కిక్కురుమనలేదు, విరిగేదాకా అనదు కూడా. మీరు గుంజుడు ఒక్కటే బాగుచేసుకుంటే బండి హాయిగా నడుస్తుంది, అందరికీ ధైర్యం వస్తుంది, మీవాడు తాళాలు అడుగుతాడు, ఆర్మ్ మాత్రం అక్కడే ఉంటుంది. కొత్త ఆర్మ్ మాత్రమే పెడితే గుంజుడు అలాగే ఉండి, ‘ఇంత ఖర్చు పెట్టి నా పని తీసేశారు, ఏం మారింది?’ అని పెద్దాయన అడగవచ్చు. అందుకే ముందు ఈ రెంటినీ విడదీద్దాం.

గుంజుడు సంగతి. మీ ఫొటోల్లో పాన్‌హార్డ్ బార్, అంటే ఫ్రేమ్ యాక్సిల్ మీద పక్కకు జరగకుండా పట్టే అడ్డ కడ్డీ, కనబడలేదు. అడ్డ స్ప్రింగు రెండు చివరలా షాకిళ్ల మీద వేలాడుతుంది. షాకిల్ అంటే ఉయ్యాల గొలుసు లాంటిదే, కాబట్టి ఫ్రేమ్ యాక్సిల్ మీద ఎడమకూ కుడికీ ఊగుతుంది. మోడల్ ఎ కారు ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు డ్రాగ్ లింక్ ముందూవెనకలుగా ఉండేది, ఆ ఊగుడు స్టీరింగ్‌కు పెద్దగా తెలిసేది కాదు. మీరు పెట్టింది లింక్ అడ్డంగా ఉండే క్రాస్ స్టీర్. ఇప్పుడు డ్రాగ్ లింక్ సరిగ్గా ఊగే దిశలోనే ఉంది. గతుకులో ఫ్రేమ్ పావు అంగుళం పక్కకు జరిగితే లింక్ ఆ పావు అంగుళాన్నీ మోసుకెళ్లి కుడి చక్రానికి అప్పగిస్తుంది. మీ స్పిండిల్ ఆర్మ్ పొడవు ఐదున్నర అంగుళాలన్నారు. లెక్క వేస్తే చక్రం రెండున్నర డిగ్రీలకు పైగా తిరిగినట్టు, మీరు స్టీరింగ్ కదపకుండానే. తిప్పినప్పుడు వచ్చే ఆ శూన్యమైన క్షణానికీ ఇదే కారణం. పిట్‌మన్ ఆర్మ్ నెట్టిన బలం ముందు ఫ్రేమ్‌ను పక్కకు నెడుతుంది, షాకిళ్లు చివరికి వెళ్లి ఆగాక గానీ చక్రానికి అందదు.

ఇది నిజమో కాదో తేలడానికి ఐదు నిమిషాలు చాలు. బండి నేల మీదే ఉంచి, మీవాణ్ని కూర్చోబెట్టి స్టీరింగ్‌ను కొద్దికొద్దిగా ఇటూ అటూ ఆడించమనండి. మీరూ పెద్దాయనా ముందు వంగి చూడండి. యాక్సిల్ మీద సుద్దతో ఒక గీత, దానికి సరిగ్గా పైన ఫ్రేమ్ మీద ఇంకో గీత పెట్టుకోండి. చక్రం కదలకముందే ఆ గీతలు ఒకదాన్నొకటి దాటిపోతాయి. అదే సమయంలో స్టీరింగ్ బాక్స్ బిగించిన ప్లేటు మీద కూడా కన్నేయండి. ప్లేటు వంగుతున్నా, రైలు మెలి తిరుగుతున్నా అదీ కనబడుతుంది.

రెండో కారణం లింక్ వాలు. పిట్‌మన్ చివర కంటే ఆర్మ్ చివర మూడు అంగుళాలు కిందికి ఉందన్నారు. 38 అంగుళాల కడ్డీ మూడు అంగుళాలు వాలితే దాని అడ్డపు కొలత 37.88. యాక్సిల్ రెండు అంగుళాలు పైకి లేస్తే 37.99, రెండు అంగుళాలు దిగితే 37.67. అంటే పైకి వెళ్లినప్పుడు చక్రం ఒక డిగ్రీ ఒకవైపు, దిగినప్పుడు రెండు డిగ్రీలకు పైగా రెండోవైపు తిరుగుతుంది. వాలు లేకుండా నేలకు సమంగా ఉంటే రెండు అంగుళాల కదలికకు తేడా అంగుళంలో ఇరవయ్యో వంతే.

రెంటికీ మందు ఒకటే. డ్రాగ్ లింక్‌కు సమాంతరంగా, వీలైనంత అదే పొడవులో ఒక పాన్‌హార్డ్ బార్. ఫ్రేమ్ చివర ఎడమవైపు, స్టీరింగ్ బాక్స్ ఉన్న పక్కే ఉండాలి. యాక్సిల్ చివర కుడివైపు. తిరగేసి పెడితే రెండు కడ్డీలూ ఎదురెదురు వంపుల్లో తిరిగి గుంజుడు ఇంకా పెరుగుతుంది, చాలామంది చేసే తప్పు ఇదే. రెండూ ఒకే వంపులో కదిలితే యాక్సిల్ పక్కకు జరిగినంతే లింకూ జరుగుతుంది, చక్రానికి ఏమీ తెలియదు. సమాంతరమా కాదా అన్నది బండి పూర్తి బరువుతో నేల మీద ఉన్నప్పుడే చూడాలి. ఖాళీ ఫ్రేమ్ మీద కొలిచి వెల్డ్ చేస్తే ఇంజను ఎక్కాక లెక్కంతా మారిపోతుంది. ఫ్రేమ్ బ్రాకెట్ రైలు కింద నాలుగైదు అంగుళాలు వేలాడాల్సి వస్తే ఒంటి ప్లేటుగా వదలకండి. పెట్టెలా మూసి, పక్కకు వంగకుండా ఒక ఆనుడు కడ్డీని క్రాస్ మెంబర్‌కు (ఫ్రేమ్ అడ్డ దూలం) వేయండి. బోల్టును రెండు చెవుల మధ్య పట్టించాలి, ఒక చెవికే వేలాడదీయకూడదు.

పెట్టాక పరీక్ష ఇలా. యాక్సిల్‌ను రెండు స్టాండ్ల మీద ఆనించి చక్రాలు గాల్లో ఉంచండి. స్టీరింగ్ కదలకుండా కట్టేయండి. కుడి డ్రమ్ముకు నాలుగు అడుగుల తిన్నని బార్‌ను ముందుకు చాచి క్లాంపు చేసి, దాని చివర నేల మీద గుర్తు పెట్టండి. ఫ్రేమ్‌ను జాకీతో రెండు అంగుళాలు లేపండి, దింపండి. ఆ బార్ చివర ముప్పావు అంగుళం పైచిలుకు కదిలితే అది ఒక డిగ్రీ. పావు అంగుళం లోపు తెచ్చుకోగలిగితే రోడ్డు మీద మీకు తెలియదు.

డ్యాంపర్ సంగతి కూడా ఇక్కడే తేలిపోతుంది. డ్యాంపర్ వణుకును మింగుతుంది, జామెట్రీని మార్చదు. గుంజుడు అలాగే ఉండి దాని తీవ్రత మాత్రం మీ చేతికి తక్కువగా తెలుస్తుంది. కింగ్‌పిన్‌లో (స్పిండిల్ తిరిగే పిన్ను) ప్లే వస్తే ముందుగా చెప్పే వణుకు కూడా దాని వెనక దాక్కుంటుంది. పెద్దాయనకు ముచ్చటగా ఉంటే అన్నీ సరి అయ్యాక పెట్టుకోవచ్చు.

ఇక ఆర్మ్. మీ కొలతలతోనే చూద్దాం. పార్కింగులో స్టీరింగ్ అంచున 30 పౌన్ల బలం పెట్టారనుకోండి. 15 అంగుళాల స్టీరింగ్‌కు సగం ఏడున్నర, గుణిస్తే 225. బాక్స్ నిష్పత్తి 20 కాబట్టి 4,500 అంగుళం-పౌన్లు. 6 అంగుళాల పిట్‌మన్ ఆర్మ్ చివరికి అది 750 పౌన్ల తోపు. ఘర్షణకు కొంత పోనివ్వండి. ఆ తోపు ఇప్పుడు అసలు ఆర్మ్ గీతకు రెండున్నర అంగుళాల కింద పడుతోంది. అంటే మామూలు వంపుకు తోడు, అతుకు దగ్గర 1,800 అంగుళం-పౌన్లకు పైగా మెలి. కుడికి తిప్పితే ఒక దిశ, ఎడమకు తిప్పితే ఎదురు దిశ. తీగను అటూ ఇటూ వంచి తెంచడం అందరం చేసిందే. ఇక్కడా అదే, నెమ్మదిగా జరుగుతుంది.

ఆ ఆర్మ్ ఫోర్జింగ్, అంటే ఎర్రగా కాల్చి కొట్టి రూపు తెచ్చిన ఉక్కు. దాని ఉక్కు మామూలు మెత్తని ప్లేటు ఉక్కు కాదు, కార్బన్ ఎక్కువ. వెల్డ్ చేసి గాలికి వదిలితే, అతుకు పక్కన వేడి తగిలిన సన్నని పట్టీ చుట్టూ ఉన్న చల్లని ఇనుము వల్ల గబగబా చల్లబడి గట్టిపడుతుంది, పెళుసవుతుంది. పగులు పుట్టేది అక్కడ. పైగా మీ గరాజ్‌లోది ఇంటి ప్లగ్గుకు పెట్టే చిన్న మిగ్ వెల్డింగ్ యంత్రం అన్నారు. అది ఒక్క పాస్‌లో 3/16 అంగుళాల ప్లేటు దాకా నమ్మకంగా కరిగించగలదు. ముప్పావు అంగుళం మందం ఉన్న ఫోర్జింగ్ మీద పైన అందంగా కూర్చుంటుంది, లోపల కరగదు. నున్నగా గ్రైండ్ చేసి రంగు వేయడంతో లోపల ఎంత అతుకు పడిందో చెప్పే ఆనవాలు కూడా పోయింది. షాపు అతను ముట్టుకోకపోవడానికి కారణం బహుశా ఆ నునుపే. అలైన్‌మెంట్ చేసి బిల్లు ఇస్తే, రేపు ఏదైనా అయితే చివరగా చేయిపెట్టినవాడు అతనే అవుతాడు. కారణం ఒక్క ముక్క చెప్పి ఉంటే మీకు నాలుగు పేజీలు రాసే పని తప్పేది.

పెద్దాయన నలభై ఏళ్ల మాట పూర్తిగా గాలిమాట కాదు. పాతకాలం హాట్ రాడ్ వాళ్లు ఫోర్డ్ ఫోర్జింగ్ ఆర్మ్‌లను ఎర్రగా కాల్చి వంచి దించేవారు, ఇప్పటికీ ఆ పని తెలిసినవాళ్లు చేస్తారు. నీళ్లలో ముంచకుండా నెమ్మదిగా చల్లార్చి, తర్వాత మాగ్నఫ్లక్స్ (అయస్కాంతంతో పగుళ్లు చూపే పరీక్ష) చేయిస్తే అది ఒప్పుకోదగ్గ పద్ధతే. కోసి అతకడం వేరు. పోత పోసిన భాగాన్నైతే కాల్చి వంచడం కూడా కుదరదు. ఈ తేడాను ఆయన దగ్గర ఇలాగే ఎత్తండి: ‘మీ కాలంలో వంచేవారు కదా, మనమెందుకు కోశాం?’ అని. చాలాసార్లు జవాబు అలా కాల్చే ఆక్సీ-ఎసిటిలీన్ గ్యాస్ సెట్ లేకపోవడమే అవుతుంది.

మీ ముందున్న దారులు ఇప్పుడు చూద్దాం.

మొదటిది, మొత్తం బండిని రాడ్ షాపుకు అప్పగించడం. మీ ఆవిడకు అందరికంటే త్వరగా నమ్మకం కుదిరేది దీనితోనే. ఖర్చు వేలల్లో ఉంటుంది, మంచి షాపుల్లో నెలల తరబడి వరుస. పెద్దాయనకు మీరేమీ చెప్పకపోయినా ట్రైలర్ మీద బండి వెళ్లడం చూసి అన్నీ అర్థమవుతాయి. ఆయన సాయంత్రాలు ఖాళీ అవుతాయి. ఇది తప్పని కాదు. మీకు పని మీద ఆసక్తి చచ్చిపోయి ఉంటే ఇదే నిజాయితీ గల దారి.

రెండోది కొందరు సలహా ఇస్తారు: ఐ-బీమ్ తీసేసి ఫోర్డ్ మస్టాంగ్ II కారు రకం ఇండిపెండెంట్ సస్పెన్షన్ (చక్రాలు విడివిడిగా ఆడేది), ర్యాక్ (పక్కలకు జరిగే పళ్ల కడ్డీ ఉన్న స్టీరింగ్) పెట్టమని. నడక బాగుంటుంది, విడిభాగాలు ఎక్కడైనా దొరుకుతాయి. కానీ ఫ్రేమ్ ముందు భాగం కోయాలి, మూడేళ్ల పని చెత్తబుట్టకు పోతుంది, ఫెండర్లు లేని మోడల్ ఎ ముఖమే మారిపోతుంది. ఇందులోనే అడ్డదారి కూడా ఒకటి ఉంది, ఐ-బీమ్ ఉంచి ఫ్రేమ్‌కు ర్యాక్ బిగించడం. అది వద్దే వద్దు. యాక్సిల్ మొత్తంగా పైకీ కిందికీ ఆడుతుంటే ర్యాక్ ఫ్రేమ్‌తో నిలబడిపోతుంది, గుంజుడు ఇప్పటికంటే ఎక్కువవుతుంది.

మూడోది, ప్రాణం మోసే భాగాలు కొని, మిగతావి గరాజ్‌లోనే చేసుకోవడం. ఉత్తరం చదివినంతలో మీకు సరిపోయేది ఇదేననిపిస్తుంది, కాబట్టి దీన్ని వివరంగా రాస్తాను. స్పిండిల్ ఆర్మ్‌లు, పిట్‌మన్ ఆర్మ్, టై రాడ్ ఎండ్లు (కడ్డీల చివరి కీళ్లు), యూనివర్సల్ జాయింట్లు (స్టీరింగ్ షాఫ్ట్‌లో వంగుతూ తిరిగే కీళ్లు) కొనేవి. డీప్ డ్రాప్ ఆర్మ్‌లు సరిగ్గా మీ ఇబ్బంది కోసమే ఫోర్జింగ్‌లో దొరుకుతాయి, టై రాడ్ హెయిర్‌పిన్ కింద నుంచి పోతుంది. మీ స్పిండిళ్లకు బోల్టుతో ఆర్మ్ బిగించే వీలుందా లేదా ముందు చూసుకోండి. ఆర్మ్ స్పిండిల్‌తో కలిసి ఒకటే ఫోర్జింగ్ అయితే స్పిండిళ్లు కూడా మార్చాలి, ఖర్చు పెరుగుతుంది. అప్పుడు కూడా ఇది మొదటి దారి కంటే చవకే. డ్రాగ్ లింక్, టై రాడ్ గొట్టాలు, పాన్‌హార్డ్ బార్, బ్రాకెట్లు, షాఫ్ట్ ఆనుడు బేరింగు, స్టీరింగ్ స్టాపులు మీరిద్దరూ చేసుకోదగ్గవి. అంటే ఆయన చేతికి పని తగ్గదు, పెరుగుతుంది.

డ్రాగ్ లింక్‌లో వెల్డింగే లేకుండా చేయవచ్చు. డి.ఓ.ఎమ్. (కచ్చితమైన కొలతకు లాగి తీసిన ఉక్కు) గొట్టం, బయటి వ్యాసం 1 అంగుళం, గోడ 3/16 తీసుకోండి. లోపలి బోరు సరిగ్గా 5/8 వస్తుంది. 11/16-18 (అంగుళానికి 18 పళ్లు) మరకు అదే కావలసిన రంధ్రం. ఒక చివర కుడి మర, రెండో చివర ఎడమ మర, రెండు అంగుళాల లోతు. ట్యాప్ నిటారుగా దిగడానికి లేత్ టెయిల్‌స్టాక్ వాడండి, లేత్ లేకపోతే డ్రిల్ ప్రెస్ చక్‌లో పట్టి చేత్తో తిప్పండి. నూనె ధారాళంగా, సగం తిప్పి పావు వెనక్కి. ఇక్కడ 7/8 గొట్టం తీసుకోవాలనిపిస్తుంది, చూడ్డానికి సన్నగా బాగుంటుంది. కానీ మర పోయాక దాని గోడ అంగుళంలో పదో వంతు కూడా మిగలదు. గొట్టం చివర నుంచి ఒక అంగుళం లోపల చిన్న రంధ్రం వేయండి. అందులోంచి టై రాడ్ ఎండ్ మర కనబడుతుంటే లోపల చాలినంత దిగినట్టు, కనబడకపోతే లింక్ పొట్టిదైనట్టు. ఎవరైనా టార్చి వేసి చూసి చెప్పవచ్చు, మీ మాట నమ్మనక్కర్లేదు. జామ్ నట్లు (మర వదులు కాకుండా బిగించేవి) మరిచిపోకండి.

టై రాడ్ ఎండ్ కోన్ (ఆర్మ్ రంధ్రంలోకి దిగే, చివరికి సన్నబడే భాగం) విషయం కొంచెం చూసుకోవాలి. అమెరికన్ కార్లలో ఎక్కువ వాటికి అడుగుకు ఒకటిన్నర అంగుళాల టేపర్, కొన్నింటికి రెండు అంగుళాలు. రెండూ దగ్గరగా ఉంటాయి, కలిసిపోయినట్టే అనిపిస్తాయి. కోన్‌కు నీలి రంగు మార్కింగ్ పూసి దించి తిప్పితే రంగు పొడవునా అంటాలి. ఒక అంచునే అంటితే టేపర్ కుదరలేదు. నట్టు మర చివరికి చేరి ఆగిపోతే కోన్ పట్టుకోలేదన్నమాటే. నట్టు ఊడకుండా పెట్టే స్ప్లిట్ పిన్ రంధ్రం కలవకపోతే నట్టు ఇంకొంచెం బిగించండి, వెనక్కి వదలకూడదు.

పని వరుస కూడా ముఖ్యం. మీకు నేరుగా పోయేటప్పుడే ప్లే ఉందంటే నాకు బాక్స్ మధ్యలో లేదని అనుమానం. ఈ బాక్సుల్లో సరిగ్గా మధ్యన ఒక బిగువు చోటు ఉంటుంది, నేరుగా పోయేటప్పుడు స్థిరంగా ఉంచేది అదే. స్టీరింగ్ వంకరగా ఉందని దాన్ని ఊడదీసి స్ప్లైన్ (షాఫ్ట్ చివరి పళ్లు) మీద తిప్పి పెట్టారని మూడో పేజీలో ఒక వాక్యం రాశారు. అలా చేస్తే స్టీరింగ్ నిటారుగా కనబడుతుంది, బాక్స్ బిగువు చోటు మాత్రం మలుపులోనే ఉండిపోతుంది. డ్రాగ్ లింక్ ఊడదీసి, ఒక చివర నుంచి రెండో చివరికి ఎన్ని రౌండ్లో లెక్కపెట్టి, సరిగ్గా సగానికి తెచ్చి గుర్తు పెట్టండి. చక్రాలు నేరుగా ముందుకు పెట్టండి. ఆ రెండు స్థితుల మధ్య ఎంత దూరముంటే లింక్ అంత పొడవు. అందుకే ఆర్మ్‌లు, పాన్‌హార్డ్ అన్నీ కుదిరాకే లింక్ కోయాలి. ఆ పైన స్టాపులు. యాక్సిల్‌కు స్పిండిల్ తగిలి ఆగాలి, అప్పటికి బాక్స్‌లో ఇంకా కొంచెం తిరుగుడు మిగలాలి. బాక్సే స్టాపు పని చేస్తే లోపలి భాగాలు పాడవుతాయి.

రెండుచోట్ల పట్టేయడం స్టీరింగ్ షాఫ్ట్ గొడవ. హెడ్డర్‌ను (ఇంజను పొగ గొట్టాలు) తప్పించడానికి మూడు యూనివర్సల్ జాయింట్లు వేశారు, ఆనుడు బేరింగు ఒక్కటీ లేదు. రెండు జాయింట్లు దాటితే మధ్య షాఫ్ట్‌కు బేరింగు ఉండి తీరాలి, లేకపోతే అది తిరగడానికి బదులు మడతపడుతుంది. ఒక్క జాయింట్ 30 డిగ్రీలు వంగితే దాని అవతలి వేగం రౌండుకు రెండుసార్లు 0.87 నుంచి 1.15 దాకా మారుతుంది. మీ చేతికి తెలిసేది ఆ రెండే. మధ్య షాఫ్ట్ రెండు చివరల ఫోర్కులు ఒకే వరుసలో ఉండి, రెండు జాయింట్ల కోణాలూ దగ్గరగా ఉంటే ఒకదాని తేడా ఇంకొకటి తినేస్తుంది. ఒక్క జాయింట్‌ను 35 డిగ్రీలు దాటించవద్దు. డబుల్ డి (రెండు పక్కలా చదునైన) షాఫ్ట్ చివర జాయింట్ లోపలికి పొడుచుకు వచ్చినా పట్టేస్తుంది, అదీ చూడండి. సెట్ స్క్రూ కింద షాఫ్ట్ మీద చిన్న గుంట డ్రిల్ చేసి, నీలి లాక్‌టైట్ వేసి, జామ్ నట్టు బిగించాలి. వెల్డ్ చేసేద్దామని పెద్దాయన అనవచ్చు, ఆ వేడికి లోపలి నీడిల్ బేరింగులు పాడవుతాయి.

చివరగా క్యాస్టర్ (కింగ్‌పిన్ వెనక్కి వాలే కోణం) 6 నుంచి 7 డిగ్రీలు, టో-ఇన్ (చక్రాల ముందు అంచులు లోపలికి తిరిగి ఉండే తేడా) 1/8 అంగుళం. దీనికి అలైన్‌మెంట్ షాపు అక్కర్లేదు. డిజిటల్ యాంగిల్ గేజి, రెండు టేపులు చాలు.

మనుషుల విషయానికి వస్తే, ఒక పొరపాటు మీరు చేసే అవకాశం ఎక్కువ, ముందే చెబుతాను. గొడవ ఎందుకని ‘డై పెనెట్రంట్‌తో పరీక్షిద్దాం, పగులు ఉంటేనే మారుద్దాం’ అని ఆయనతో ఒప్పందం చేసుకోకండి. ఎర్ర ద్రవం పూసి, పది ఇరవై నిమిషాలు ఆగి, తుడిచి, తెల్ల డెవలపర్ కొట్టే ఆ కిట్ ఉపరితలం దాకా వచ్చిన పగుళ్లనే చూపిస్తుంది. లోపల కరగని వెల్డింగును చూపించదు. పరీక్షలో శుభ్రంగా వచ్చిందనుకోండి, మీరు మాటకు కట్టుబడిపోతారు, ఆర్మ్ బండి మీదే ఉండిపోతుంది. ఆర్మ్ మార్పు పరీక్షకు ముందే తేలిపోవాలి. కిట్‌ను కొత్త బ్రాకెట్ల మీద వాడండి, ఆయన చేతికే ఇచ్చి.

ఆయనతో మొదట సుద్ద గీతల పరీక్ష చేయండి. అందులో ఆయన వెల్డింగు ప్రసక్తి లేదు. పాన్‌హార్డ్ లేకపోవడం ముగ్గురి కళ్లకూ ఒకేసారి కనబడుతుంది, బ్రాకెట్ ఎలా పెట్టాలన్నది ఆయనకు ఇష్టమైన మాట. ఆర్మ్ సంగతి అక్కడ కాదు, విడిగా, ఆయన ఇంటి వరండాలో కూర్చుని చెప్పండి. మీరు నమ్మడం లేదని కాకుండా, ‘నా కొడుకు తోలే బండిలో స్టీరింగ్ ఆర్మ్‌కు అతుకు ఉండకూడదని తీర్మానించుకున్నాను, నేనే వెల్డ్ చేసినా తీసేసేవాణ్ని’ అని. ఆయన ముఖం చిన్నబుచ్చుకోవచ్చు, రెండు మూడు సాయంత్రాలు రాకపోవచ్చు. అది భరించాల్సిందే. ఆ మాట తప్పించుకోవడానికి దొంగచాటుగా ఆర్మ్ మార్చేస్తే, ఆయన రంగు చూసి కనిపెడతారు, అప్పుడు తగిలే దెబ్బ వేరు. ఇంకో సంగతి, ఏదైనా జరిగితే ఆ వెల్డింగు ఎవరిదన్న ప్రశ్న వస్తుంది. ఆయనను ఆ ప్రశ్నకు దూరంగా ఉంచడం కూడా స్నేహంలో భాగమే. ఇది ఆయనకు చెప్పాలా వద్దా అన్నది మీకే బాగా తెలుస్తుంది.

మీ ఆవిడ ఇప్పుడు చెప్పిన మాటలో తప్పు లేదు, ఆవిడతో వాదించకండి. బండి అమ్మేయమనలేదు, పిల్లాణ్ని ఎక్కించవద్దన్నారు. ‘ఇప్పుడు బాగైంది’ అన్న మీ హామీ ఆవిడకు పనికిరాదు, కొలిచి చూపేవి కావాలి. లింక్ రంధ్రంలో మర కనబడుతోందా, ప్రతి నట్టుకూ స్ప్లిట్ పిన్ ఉందా, నాలుగు అడుగుల బార్ చివర ఎంత కదిలింది. వీటిని మీవాడే తల్లికి చూపించగలగాలి. బయటి కన్ను కావాలంటే నేషనల్ స్ట్రీట్ రాడ్ అసోసియేషన్ వాళ్లు తమ మేళాల్లో 23 అంశాల భద్రతా పరీక్ష చేస్తారు, స్టీరింగ్ అందులో ఉంది. టెక్సాస్‌లో 2025 జనవరి 1 నుంచి సొంత వాడకపు కార్లకు ఏటా జరిగే సేఫ్టీ తనిఖీ ఎత్తేశారు. కాబట్టి ఆ బండిని ఈ రోజు ఉన్నదున్నట్టు రోడ్డు మీదికి తీసినా ఆపేవారుండరు. మీరు, మీ ఆవిడ తప్ప. బీమా కంపెనీకి బండి మార్పులన్నీ రాతపూర్వకంగా చెప్పండి, మామూలు పాలసీ కాకుండా ఇలాంటి బళ్లకు విడిగా ఇచ్చే పాలసీ అడగండి.

కొత్త ఆర్మ్‌లు పడ్డాక మొదటి ఐదు వందల మైళ్లు మీరొక్కరే తోలండి. వంద మైళ్లకొకసారి బిగింపులు చూడండి. పాన్‌హార్డ్ బోల్టులు, బాక్స్ ప్లేటు, సెట్ స్క్రూలు మొదట వదులయ్యేవి.

తీసేసిన పాత ఆర్మ్‌లను అరలో దాచకండి, ఎవరో ఒకరు వాడతారు. వైస్‌లో పట్టి, అతుకు మధ్యగా అడ్డంగా కోయమని పెద్దాయనకే గ్రైండర్ ఇవ్వండి. కోసిన ముఖాన్ని 400 నంబరు ఎమరీ కాగితం దాకా రుద్ది, ఫెర్రిక్ క్లోరైడ్ ఒక చుక్క వేస్తే వెల్డింగు ఎక్కడిదాకా కరిగిందో వేరే రంగులో తేలుతుంది. అది చూశాక ఆయన ఏమన్నా సరే, మీరేమీ అనకండి.